బండి కదిలేలోపు ఇంకో లైఫు

నాకు బాగా గుర్తున్న ప్రయాణాల్లో సవ్యంగా సాగింది ఒక్కటీ లేదు. టైముకి ఎక్కి టైముకి దిగినవి బోలెడు చేసుంటాను, వాటి గురించి చెప్పమంటే ఒక్క ముక్క రాదు. గుర్తున్నవన్నీ ఎక్కడో ఒకచోట చతికిలబడినవే. ఇంకో విచిత్రం కూడా ఉంది. నేను ఆడిన వీడియో గేముల్లో ఇప్పటికీ వేళ్లు మరిచిపోనివి ఇంచుమించు అన్నీ అలా చతికిలబడిన చోట, లేకపోతే ఆ గొడవ చుట్టూ ఆడినవే.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. మా చిన్నప్పుడు ఇంట్లో వీడియో గేమ్ పట్టుకుంటే తిట్లు తప్పేవి కాదు. కళ్లు పోతాయని అమ్మ గోల. పిక్చర్ ట్యూబు పోతుందని నాన్నగారి గోల. నాయనమ్మకైతే ఆ టుయ్ టుయ్ చప్పుడే గిట్టేది కాదు. అదే, బస్సు టైరు పంక్చరై రోడ్డు పక్కన కూర్చున్నప్పుడో, రైలు ఔటర్లో గంటల తరబడి నిలబడిపోయినప్పుడో అమ్మే సంచిలోంచి తీసి చేతిలో పెట్టేది. "ఇదిగో, ఆడుకో. ఎప్పుడు కదుల్తుందని మాత్రం నన్నడక్కు." ప్రయాణం ఆగిపోతే చదువూ ఆగిపోయేది, తిట్లూ ఆగిపోయేవి. వేసవి సెలవుల్లో కూడా అంత స్వేచ్ఛ ఉండేది కాదు.

మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. కోనసీమ సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వసిష్ఠ, కింద సముద్రం. ఎటు పోవాలన్నా గోదావరి దాటాలి. రాజమండ్రి వెళ్లాలంటే రావులపాలెం మీదుగా బ్రిడ్జి ఉంది కాబట్టి ఫర్వాలేదు. కాకినాడ వెళ్లాలంటే అప్పట్లో ఎదుర్లంకలో బస్సు దిగి, పంటు అనే పెద్ద పడవ ఎక్కి, అవతల యానాంలో దిగి మళ్లీ బస్సెక్కాల్సి వచ్చేది. నరసాపురం వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవు. రైలు మాత్రం లేదు. నేను రైలును చూసిన వయసుకి మా రాజమండ్రి చుట్టాల పిల్లలు అందులో పదిసార్లు ఊళ్లు తిరిగొచ్చారు.

మా ఇంటికి వీడియో గేమ్ వచ్చింది 1996 దసరాకి. మద్రాసులో ఉండే మావయ్య బర్మా బజార్లో కొనుక్కొచ్చాడు. జపాన్‌లో నింటెండో వాళ్లు 1983లో తెచ్చిన ఫ్యామికామ్ అనే పెట్టెకి అది నకలుకి నకలు అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో దాన్ని 'టీవీ గేమ్' అనేవాళ్లం, లోపల పెట్టేదాన్ని 'క్యాసెట్టు' అనేవాళ్లం. డబ్బా మీద 9999999 ఇన్ 1 అని ఉంటుంది. లోపల చూస్తే పట్టుమని పది ఆటలు. మిగతావన్నీ అవే ఆటలు, పేరు మార్చి మళ్లీ మళ్లీ. అయినా మోసపోయామని ఎవరూ బాధపడలేదు. టీవీ పక్కనున్న చిన్న మూత తీసి, ఆ బుల్లి చక్రాన్ని వేలితో తిప్పుతూ ఉంటే గరగరలాడే చుక్కల్లోంచి ఉన్నట్టుండి బొమ్మ పైకి వచ్చేది. ఆ క్షణం కోసం నేను ట్యూనింగు పని ఇంకెవరికీ ఇచ్చేవాణ్ణి కాదు.

సరిగ్గా ఇంకో రెండు వారాలు గడిచాయో లేదో, నవంబరు 6న తుపాను వచ్చింది.

ఆ రాత్రి గురించి కోనసీమలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. పొద్దున్నే లేచి చూస్తే మా తోటలో నిలబడి ఉన్న కొబ్బరిచెట్ల కంటే పడిపోయినవే ఎక్కువ. మాకు ఇల్లు మిగిలింది, మనుషులు మిగిలారు. అన్ని ఇళ్లకీ ఆ అదృష్టం లేదు. నాన్నగారు అంతకు ముందు రోజే పనిమీద విజయవాడ వెళ్లారు. ఫోన్లు లేవు, బస్సుల్లేవు. రోడ్లన్నీ చెట్లే. ఆయన ఎక్కడున్నారో మాకు తెలీదు, మేమున్నామో లేదో ఆయనకి తెలీదు. అమ్మ వీధి అరుగు మీంచి లేచింది లేదు.

కరెంటు ఇక ఇప్పట్లో రాదని తేలిపోయింది. మా వీధిలో రేడియోలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు, మాకందరికీ రేడియో బాబాయ్. ఆయన దగ్గరొక చిన్న బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్ టీవీ ఉంది, అది బ్యాటరీ మీద కూడా నడిచేది. పగలంతా రోడ్డు మీద చెట్లు లాగే ట్రాక్టరు బ్యాటరీని సాయంత్రం విప్పి తెచ్చి దానికి తగిలించేవాళ్లు. వీధి వీధంతా వచ్చి వార్తలు చూసేది. వార్తలైపోయాక కాస్త చార్జీ మిగిలితే, "ఒరేయ్, మీ డబ్బా పట్రండ్రా" అనేవాడు బాబాయ్. గేముకి తొమ్మిది వోల్టుల కరెంటు కావాలి. అడాప్టరుకేమో కరెంటు లేదు. ఆయన రెండు టార్చిలైట్ల గొట్టాలు ఒకదానికొకటి తీగతో కలిపాడు. గొట్టానికి మూడు సెల్లులు, మొత్తం ఆరు. ఒక్కోటి ఒకటిన్నర వోల్టు. లెక్క సరిపోయింది. స్కూల్లో లెక్కలు ఎందుకు చెబుతారో నాకు మొదటిసారి అర్థమైంది అప్పుడే.

నాన్నగారు ఒక సాయంత్రం వచ్చారు. రావులపాలెం దాకా ఎలాగో లారీ దొరికిందట. అక్కణ్ణించి నడక. దారిలో ఎవరో సైకిలు మీద కొంతదూరం తెచ్చి, అక్కడ చెట్టు అడ్డం ఉంటే దింపేశారట. మళ్లీ నడక. చెప్పులు చేతిలో ఉన్నాయి, ప్యాంటు మోకాళ్ల దాకా బురద. అమ్మ ఏమీ మాట్లాడలేదు, లోపలికెళ్లి వేడినీళ్లు పెట్టింది. ఉప్పేసిన నీళ్ల బేసిన్లో కాళ్లు పెట్టుకుని ఆయన బాబాయ్ వాళ్ల అరుగు మీద కూర్చున్నారు. అప్పటికి మా వంతు నడుస్తోంది. రెండో రిమోటు ఖాళీగా ఉంది. బాబాయ్ దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"ఇందులో నేనెవర్నిరా?"

"మీరు పచ్చ ట్యాంకండి నాన్నగారూ, నాది పసుపు. ఆ కింద గోడల మధ్యలో పక్షి ఉంది కదండీ, దాన్ని కాపాడాలి మనం."

పచ్చ, పసుపు అని నేను చెబుతున్నాను గానీ అది బ్లాక్ అండ్ వైట్ టీవీ. రెండు ట్యాంకులూ ఒకే బూడిద రంగు. ఆయన శత్రువులనుకుని నన్నే కాలుస్తున్నారు. ఆ ఆటలో మన జోడీ గుండు తగిలితే చావం, కాసేపు కదలకుండా బిగుసుకుపోతాం. నేనలా బిగుసుకుపోయి ఉండగానే, ఆయన ట్యాంకు గిర్రున తిరిగి మా గోడ తనే పగలగొట్టి మా పక్షిని తనే పేల్చేసింది. గేమ్ ఓవర్ అనే అక్షరాలు కింది నుంచి మెల్లగా పైకి వచ్చాయి. "చచ్చిందా?" అన్నారు ఆయన. "చచ్చింది, మీరే చంపారు ఆయ్" అన్నాడు బాబాయ్. ఆ వారంలో మా ఇంట్లోవాళ్లు నవ్వడం అదే మొదలు. పిక్చర్ ట్యూబు పోతుందన్న మాట ఆయన నోట మళ్లీ వచ్చింది, రాలేదని అనను. కానీ ఆ తర్వాత అంటున్నప్పుడు అంత గట్టిగా అనేవారు కాదు.

ఆ మరుసటి సంక్రాంతికి పంటు గొడవ. కాకినాడలో ఒక షాపులో పాత క్యాసెట్టు ఇచ్చి పైన కొంత డబ్బు కడితే కొత్తది ఇచ్చేవాళ్లు. నేను పెద్దల చుట్టూ తిరిగి పోగేసిన డబ్బుతో కాంట్రా క్యాసెట్టు తీసుకుని యానాం రేవుకి వచ్చేసరికి సాయంత్రమైంది. ఆటు సమయం. పంటు గోదావరి మధ్యలోకి వచ్చి ఇసుక మేట మీద బురదలో దిగిన గేదెలా కూలబడింది. గెడలు వేసి నెట్టారు, మోటారు ఉరుములు ఉరిమింది, మోటారుసైకిళ్లన్నీ ఒక పక్కకి జరిపారు. కదిలితేనా! పోటు వచ్చేదాకా ఇంతే అని సరంగు బీడీ ముట్టించుకున్నాడు.

ఆ పంటులో రెండు రకాల జనం. ఇంటికి తొందరగా వెళ్లాలని చూసేవాళ్లు ఒక రకం. అసలు తొందరే లేనివాళ్లు ఇంకో రకం. అప్పుడు రాష్ట్రంలో మద్యనిషేధం. యానాం పుదుచ్చేరిది కాబట్టి అక్కడ లేదు. అవతల ఎదుర్లంక రేవులో ఎక్సైజు వాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఈ రెండో రకం వాళ్ల సంచుల్లో సీసాల చప్పుడు. పంటు దిగబడినకొద్దీ వాళ్ల మొహాలు విప్పారాయి. చీకటి పడేలోపు సరుకంతా తేలిక చేసుకుని, ఖాళీ సీసాలు గోదావరికి సమర్పించి, పోటు వచ్చి పంటు కదిలేసరికి ఒకాయన పద్యం కూడా అందుకున్నాడు.

నా బాధ నాది. చేతిలో కాంట్రా ఉంది, టీవీ లేదు. క్యాసెట్టు మీద బొమ్మ చూస్తూ కూర్చున్నాను. కండలు తిరిగిన ఇద్దరు, తుపాకులు, వెనకాల ఏదో రాక్షసి. షాపు కుర్రాడు చెప్పిన మంత్రం మర్చిపోతానేమోనని పెదాలతో వల్లించుకుంటున్నాను. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. అది నొక్కితే మూడు లైఫుల బదులు ముప్ఫై. పక్కనే కూర్చున్న చేపల గంప ఆవిడ నన్ను చాలాసేపు చూసి, "భయపడకు బాబూ, పోటొత్తే అదే కదుల్తాది" అంది. నేనేదో దేవుణ్ణి తలుచుకుంటున్నాననుకుంది పాపం.

ఆ మంత్రం వెనక కథ నాకు ఈమధ్యే తెలిసింది. కొనామీ కంపెనీలో కజుహిసా హషిమోతో అనే ఆయన గ్రాడియస్ అనే ఆటని ఇళ్లలో ఆడుకునే పెట్టెకి మారుస్తూ, పరీక్షించడానికి అది తనకే మరీ కష్టంగా ఉందని తనకోసం పెట్టుకున్న దొంగదారి అది. తీసేయడం మర్చిపోయి ఆట బజార్లోకి వెళ్లిపోయింది. 2020లో ఆయన పోయారని చదివినప్పుడు నాకు ఆ చేపల గంప ఆవిడే గుర్తొచ్చింది. ఎక్కడి జపాను, ఎక్కడి ఎదుర్లంక! 2002లో అక్కడ బ్రిడ్జి కట్టారు, బాలయోగి పేరు పెట్టారు. ఇప్పుడు కారులో కూర్చుని అద్దం దించేలోపు గోదావరి అయిపోతుంది. సౌకర్యమే, కాదనను.

టీవీ గేముతో వచ్చిన చిక్కు అదే కదా, వెంట తీసుకెళ్లలేం. ఆ కొరత బ్రిక్ గేము తీర్చింది. అరచేతి కంటే కాస్త పెద్దది, రెండు పెన్సిల్ సెల్లులు, నల్లటి గడుల తెర. పైనించి ఇటుకలు పడుతుంటాయి, పేర్చుకోవాలి. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో తయారుచేసిన టెట్రిస్‌కి ఇదీ నకలే. మా జనరేషన్ మొత్తం నకళ్ల మీదే బతికింది. కాకపోతే మాకు అదే అసలు.

దాన్ని తలుచుకుంటే మా పెద్దనాన్నగారే ముందు గుర్తొస్తారు. శ్రీకాకుళం వైపు పెళ్లి. రాజమండ్రిలో రాత్రి రైలెక్కాం. ఆడపెళ్లివాళ్లం కాబట్టి సారె సామాన్లు, లడ్డూల డబ్బాలు, అరిసెల బుట్టలు, అన్నీ సీట్ల కిందకి తోసి పడుకున్నారు. నేను పై బెర్తు మీద ఇటుకలు పేర్చుకుంటున్నాను. విశాఖపట్నం వచ్చింది, ఆగింది. అటు వెళ్లినవాళ్లకి తెలిసే ఉంటుంది. హౌరా వైపు పోయే బండ్లకి విశాఖలో ఇంజను ఇటు తీసి అటు తగిలిస్తారు. బండి వచ్చిన దారినే కాసేపు వెనక్కి పోయి, అప్పుడు విజయనగరం వైపు తిరుగుతుంది. పెద్దనాన్నగారికి ఈ సంగతి తెలీదు. ఆయనకి మెలకువ వచ్చేసరికి బండి రాజమండ్రి వైపుకి కదులుతోంది.

"లేవండి లేవండి! బండి వెనక్కి పోతోంది! దిగండి!"

పెద్దనాన్నగారి మాటకి ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. నిద్రకళ్లతోనే పదిహేను ఇరవై మందిమి పొలోమని దిగిపోయాం. ఎవరో చెయిను లాగబోతే దాన్నీ ఆయనే ఆపారు, జరిమానా వేస్తారని. బండి మెల్లగా ప్లాట్‌ఫారం దాటి వెళ్లిపోయింది, సారెతో సహా. పక్కనున్న టీ కుర్రాడు అడిగాడు, "ఎక్కడికెళ్లాలండి మీరు?" పెద్దనాన్నగారు చెప్పారు. "మరి అదేగా బండి!" అన్నాడు వాడు. మా పెద్దమ్మ ఆయన వైపు చూసిన చూపు ఈ జన్మకి మర్చిపోలేను.

స్టేషను మాస్టరుగారు మంచాయన, ముందు స్టేషనుకి ఫోన్ చేసి సామాన్లు దింపించారు. తర్వాతి బండి తెల్లవారుజామున. పెద్దవాళ్లంతా బల్లల మీద తప్పు ఎవరిదో తేల్చుకుంటుంటే, పిల్లలమంతా బ్రిక్ గేము చుట్టూ చేరాం. ఇటుకలు పై అంచుకి తగిలేదాకా ఒకడి వంతు, తగలగానే పక్కవాడికి. అంతలో సెల్లులు నీరసించిపోయాయి. తీసి అరచేతుల మధ్య రుద్ది, పళ్లతో కాస్త నొక్కి మళ్లీ పెడితే ఇంకో అరగంట ఆడేది. పెద్దనాన్నగారు వాదన మధ్యలోంచి లేచొచ్చి మా వెనకాల నిలబడ్డారు. చాలాసేపు చూసి, "ఆ పొడుగుది అడ్డంగా తిప్పరా, పడుద్ది" అన్నారు. పడింది. ఆ రాత్రి ఆయన చెప్పినవాటిలో సరైనది అదొక్కటే అని పెద్దమ్మ చనిపోయేదాకా దెప్పుతూనే ఉంది.

వీడియో గేము పార్లర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. రాజమండ్రిలో బస్సు దొరక్కపోతే, లేదా ఆలస్యమైతే, కోటిపల్లి బస్టాండుకి దగ్గరి సందుల్లో అలాంటివి ఉండేవి. రూపాయి బిళ్ల వేస్తే ఒక ఆట. ముస్తఫా అనే ఆట ఆడని కుర్రాడు మా బ్యాచిలో లేడు. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని, 1993లో క్యాప్‌కామ్ వాళ్లదని ఎవరికి పట్టింది? పసుపు టోపీ పెట్టుకుని ఎగిరి తన్నేవాడి పేరు ముస్తఫా, కాబట్టి ఆట పేరు ముస్తఫా. గోదావరి బ్రిడ్జి మీద రైల్లోంచి వెయ్యమని నాయనమ్మ ఇచ్చిన చిల్లరలో రూపాయి బిళ్లలు ముస్తఫాకి, పావలాలు గోదారమ్మకి వెళ్లేవి. గోదారమ్మ ఏమీ అనుకున్నట్టు లేదు.

ఇంజనీరింగుకి హైదరాబాదు వచ్చాక ఫోన్లలో పాము ఆట వచ్చింది. నోకియా 1100లో ఆ పాముకి మేత పెడుతూ ఎన్ని ఔటర్లలో ఎన్ని గంటలు గడిపానో. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు, అందరి కథా అదే. చెప్పాల్సింది మా రూమ్మేటు టిక్కెట్టు గురించి.

రూమ్మేటు అక్క పెళ్లికి మేమంతా రాజమండ్రి బయల్దేరాలి. టిక్కెట్లు తీసింది వాడే. అర్ధరాత్రి 12 దాటాక పావుగంటకి బండి. తారీఖు 14 అని ఉంది. పద్నాలుగో తారీఖు రాత్రి భోంచేసి, బట్టలు ఇస్త్రీ చేయించుకుని, సెంటు కొట్టుకుని సికింద్రాబాదు స్టేషనుకెళ్లాం. చార్టులో మా పేర్లు లేవు. టీసీ టిక్కెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "పన్నెండు దాటింది కదా బాబూ, ఇప్పుడు పదిహేను. మీ బండి నిన్న రాత్రే పోయింది" అన్నాడు. మాలో ఒకడు లెక్కల్లో గోల్డ్ మెడలిస్టు, వాడికీ ఇది తట్టలేదు. ఇలా దెబ్బతిన్నవాళ్లు ఆ బండికి రోజూ ఒక్కరైనా ఉంటారని కూడా ఆ టీసీయే చెప్పాడు. ఓదార్పుకి అన్నాడో, నిజమో.

జనరల్ బోగీలో వెళ్లాలన్నా పొద్దున్నే. రూముకి తిరిగెళ్లడానికి ఆటోవాడు అడిగిన డబ్బులు మా దగ్గర లేవు. స్టేషనుకి కాస్త దూరంలో ఒక నెట్ సెంటరు, షట్టరు సగం దించి ఉంది, లోపల వెలుగు. నైట్ ప్యాకేజీ అంటే తెలియని ఇప్పటి పిల్లల కోసం చెబుతున్నా. రాత్రి లోపలికి పంపి షట్టరు పూర్తిగా దించేస్తాడు. తెల్లారేదాకా ఎంతసేపు ఆడినా ఒకటే రేటు. మధ్యలో బయటికి పోవడం కుదరదు. లోపల దోమల చక్రం పొగ, సీపీయూల వేడి, మూడో రోజు సాక్సుల కంపు. మౌసు కింద బంతికి మట్టి పట్టి పాయింటరు కదలకపోతే, తిరగేసి బంతి తీసి గోరుతో గీకి మళ్లీ పెట్టుకోవాలి. అందరం కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆటలో దిగాం. ఇస్త్రీ బట్టల్లోనే. పెళ్లికొడుకు కోసం కొన్న గిఫ్టు ప్యాకెట్టు కీబోర్డు పక్కన.

ప్యాకేజీ డబ్బులు టిక్కెట్టు తీసినవాడే కట్టాలని తీర్మానం. వాణ్ణి ఒంటరిగా ఒక పక్షంలో పెట్టి మేమంతా ఇంకో పక్షం చేరాలని ఇంకో తీర్మానం. డస్ట్ టూ మ్యాపులో వాడు ఎటు తొంగిచూసినా మాలో ఎవడో ఒకడు ఉన్నాడు. చచ్చి, మళ్లీ లేచి, మళ్లీ చచ్చి, తెల్లవారుజామున ఒక్కసారి మాత్రం పెట్టెల వెనక నక్కి మమ్మల్ని వరసగా అందర్నీ లేపేశాడు. లేచి నిలబడి కేక పెట్టాడు. నెట్ సెంటరాయన నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, పోలీసులు వచ్చారనుకుని మెయిన్ స్విచ్చి ఆపేశాడు. పెళ్లికి ముహూర్తం దాటాకే చేరాం. ఇప్పుడు ఆ అక్కకి ఇంటర్ చదివే కొడుకున్నాడు. వాడు నన్ను ఎప్పుడు చూసినా ఆ మ్యాచి చెప్పమంటాడు, పెళ్లి సంగతి అడగడు.

ఇక పెద్దది. 2010 ఏప్రిల్‌లో అమెరికా నుంచి సెలవు మీద ఇంటికొస్తూ ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాను. అక్కడ బండి మారాలి. దిగేసరికి బోర్డు మీద వరసగా రద్దు, రద్దు, రద్దు. ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలి బూడిద యూరప్ ఆకాశమంతా కమ్మిందట. మాకు ఆ దేశం వీసా లేదు కాబట్టి బయట హోటలుకి వెళ్లనివ్వరు. ట్రాన్సిట్‌లోనే మడత మంచాలు వేసి, దుప్పట్లు ఇచ్చారు. ఆ హాల్లో ఎన్ని భాషలో చెప్పలేను. అందరికీ కావాల్సింది మాత్రం ఒకటే, ప్లగ్ పాయింటు.

నా దగ్గర చేతిలో పట్టుకుని ఆడే నింటెండో డీఎస్ ఉంది, అందులో మారియో కార్ట్ అనే బండ్ల రేసు ఆట. దాంట్లో ఒక సుగుణం ఉంది. ఒక్కరి దగ్గర ఆట ఉంటే చాలు, చుట్టూ డీఎస్ ఉన్నవాళ్లు ఎవరైనా గాల్లోంచి అందుకుని కలిసి ఆడొచ్చు, ఎనిమిది మంది దాకా. ఆట కొన్నవాడికి నచ్చిన బొమ్మ దొరుకుతుంది. మిగతావాళ్లందరికీ ముసుగేసుకున్న ఒకే బొమ్మ, రంగు మాత్రం వేరు. మొదటి రాత్రి ఎవరో జర్మన్ కుర్రాడు వచ్చి తన డీఎస్ చూపించి కనుబొమలు ఎగరేశాడు. పొద్దున్నకి ఇంకొంతమంది చేరారు. ఒక బ్రెజిల్ పిల్ల, పంజాబీ అన్నదమ్ములు, ఎవరి పిల్లాడో తెలియని ఒక బుడ్డోడు. ఒకరి మాట ఒకరికి రాదు. గెలిచినప్పుడు అరిచే అరుపు అన్ని భాషల్లోనూ ఒకటే.

పక్క మంచం మీద నెల్లూరు పెద్దావిడ. డాలస్‌లో కూతురి పురుడికి వెళ్లి తిరిగొస్తోంది. ఇంగ్లీషు రాదు, నేను తెలుగు మాట్లాడేసరికి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. "బాబూ, ఈ బూడిద ఎప్పటికి దిగద్దంట?" అని గంటకోసారి అడిగేది. నాకేం తెలుసు? కంపెనీవాళ్లకే తెలీదు. బుడ్డోడు బాత్రూముకెళ్తూ తన డీఎస్ ఎవరికివ్వాలో తెలియక ఆవిడ చేతిలో పెట్టి పోయాడు. రేసు నడుస్తోంది. "ఇదేంది, దీన్నేం చెయ్యాల?" అంది. ఆ బటను నొక్కి పట్టుకోండమ్మా, బండి పోతుంది అన్నాను. నొక్కింది. పోయింది, కాకపోతే అందరికీ ఎదురుగా. మబ్బు మీద కూర్చున్న తాబేలు బొమ్మ దిగొచ్చి వెనక్కి తిరగమని బోర్డు ఊపుతుంటే, "వీడెవుడు, ట్రాఫిక్ పోలీసా?" అంది. తిప్పుకోలేదు. ఎదురొచ్చిన మమ్మల్ని వరసగా గుద్దుకుంటూ పోయింది. మా పెద్దనాన్నగారు ఉంటే ఆవిడకి సరిగ్గా జోడీ.

ఆ తర్వాత ఆవిడకీ ఒక వంతు ఇవ్వాల్సొచ్చింది. విమానాలు తిరగడం మొదలై నా పేరు పిలిచినప్పుడు నిజం చెబుతున్నా, కాస్త చిరాకేసింది. మేం అప్పుడే ఇంకో రేసు మొదలుపెట్టాం.

ఇప్పుడు ఇంట్లో ప్లేస్టేషన్ 5 ఉంది. పెద్ద టీవీ ఉంది, మెత్తటి సోఫా ఉంది, తిట్టేవాళ్లు లేరు. కొన్న ఆటల్లో సగం తెరవలేదు. తెరిచినవాటిలో చాలావరకు మొదటి ఊరు దాటలేదు. డిస్కౌంటు వచ్చిందని ఇంకా కొంటూనే ఉన్నాను. మా ఆవిడ ఒకసారి ఆ జాబితా చూసి, "మీకు ఇవన్నీ ఎందుకండీ, ఒక చెడిపోయిన బస్సు కొనివ్వాల్సింది" అంది. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు.

మా అమ్మాయికి ఈ జబ్బు వారసత్వంగా వచ్చింది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి కారులో బయల్దేరితే పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు ఎంత దూరం ఆగుతాయో అందరికీ తెలుసు. ఇంట్లో రోజుకి అరగంట అని వాళ్లమ్మ పెట్టిన రూలు అక్కడ చెల్లదని అది ఎవరూ చెప్పకుండానే కనిపెట్టేసింది. కారు నెమ్మదించగానే వెనక సీట్లో నింటెండో స్విచ్ గేము బయటికొస్తుంది. ఫాస్టాగ్ వచ్చాక ఒకసారి లైను చకచకా కదిలిపోతుంటే, "నాన్నా, కొంచెం నిదానంగా పోనీ, ఇక్కడ బాస్ ఉన్నాడు" అంది. నేను లైను మార్చి లారీ వెనకాల చేరాను. వాళ్లమ్మ నన్ను చూసిన చూపు మా పెద్దమ్మదే.

మొన్న ఊరెళ్లినప్పుడు కోటిపల్లి రేవుకి తీసుకెళ్లాను. అక్కడ ఇంకా పంటు ఉంది, ఎక్కాం, ఎక్కడా దిగబడకుండా ముక్తేశ్వరం చేరిపోయాం. దానికి బోరు కొట్టింది. పక్కనే గౌతమిలో నరసాపురం రైలు లైను కోసం కట్టిన స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మీద బండి ఎప్పుడు నడుస్తుందో అని మా ఊళ్లో చిన్నప్పటి నుంచీ వినే మాటే ఇప్పుడూ వింటున్నాను. నడిచిన రోజు మాత్రం మొదటి బండికి నేనూ మా అమ్మాయీ టిక్కెట్టు తీసుకుంటాం. అది బ్రిడ్జి మధ్యలో ఓ రెండు గంటలు సిగ్నలు లేక ఆగిపోతే మాకేమీ అభ్యంతరం లేదు. పెద్దనాన్నగారి పిల్లలకి మాత్రం ముందే చెప్పి ఉంచాలి, బండి వెనక్కి కదిలినా దిగొద్దని.